సంతకానికి ముందు: ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ అకాడమీల గడప తొక్కుతున్న తెలుగు కుటుంబాలకు బహిరంగ లేఖ

ఇంగ్లాండ్‌లో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకు, అక్కడి తెలుగు సంఘాల పెద్దలకు నమస్కారం.

మీ పిల్లాడికి ఎనిమిదేళ్లు. ఆదివారం పొద్దున పార్కులో వాడు ఆడుతుంటే, గీత అవతల నిలబడి చూస్తున్న ఒకాయన మీ దగ్గరికొచ్చి, మెడలో కార్డు చూపించి, ‘‘అబ్బాయిని ఒకసారి మా అకాడమీకి తీసుకొస్తారా’’ అని అడుగుతాడు. ఆ సాయంత్రానికే కబురు హైదరాబాదుకూ గుంటూరుకూ చేరిపోతుంది. అమ్మమ్మ మొక్కు మొక్కుకుంటుంది. సంతోషించాల్సిన విషయమే, సంతోషించండి. కానీ ఆ రోజు నుంచి పదేళ్లలో మీ ముందుకు ఐదారు కాగితాలు వస్తాయి. ఏ కాగితం మీద సంతకం పెడితే ఏం వస్తుంది, ఏం చేజారుతుంది అన్నది ముందే తెలిసి ఉండాలన్నదే ఈ లేఖ ఉద్దేశం. మేం కోచింగ్‌లో, ఫిజియోథెరపీలో, ఆటగాళ్ల ఒప్పందాలు చదివే పనిలో ఉన్న తెలుగువాళ్లం. ఇక్కడ రాస్తున్నది మగపిల్లల దారి గురించి. ఆడపిల్లల అకాడమీల ఏర్పాటు వేరు, దానికి ఇంకో లేఖ కావాలి.

మొదట డబ్బు సంగతి. ప్రీమియర్ లీగ్, దాని కింది మూడు అంచెలైన ఈఎఫ్ఎల్ క్లబ్బుల అసలు అకాడమీలు శిక్షణకు ఫీజు తీసుకోవు. క్లబ్ పేరు, బొమ్మ పెట్టుకుని నెలకింత అని వసూలు చేసే డెవలప్‌మెంట్ సెంటర్లు, సెలవుల క్యాంపులు వేరు. అక్కడికి పంపడంలో తప్పులేదు, పిల్లాడు బంతితో ఇంకాస్త సేపు గడుపుతాడు. అయితే అక్కడ చేరినంత మాత్రాన అకాడమీలో చేరినట్టు కాదు. ట్రయల్ ఇప్పిస్తానని డబ్బు అడిగేవాణ్ని గుమ్మంలోంచే పంపేయండి. నిజమైన స్కౌట్, అంటే క్లబ్ కోసం ఆటగాళ్లను వెతికేవాడు, తన పేరు, క్లబ్ చెప్పి గుర్తింపు కార్డు చూపిస్తాడు. మీరు అకాడమీ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంటానంటే నొచ్చుకోడు.

ఇప్పుడున్న పద్ధతి 2012లో వచ్చింది. ఎలీట్ ప్లేయర్ పెర్ఫార్మెన్స్ ప్లాన్ అంటారు, క్లబ్బుల్లో అందరూ ఈపీపీపీ అనే పిలుస్తారు. అండర్-9 నుంచి అండర్-11 దాకా ఫౌండేషన్ దశ, అండర్-12 నుంచి అండర్-16 దాకా యూత్ డెవలప్‌మెంట్ దశ, ఆపైన ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్ దశ. అకాడమీలకు 1 నుంచి 4 దాకా కేటగిరీలున్నాయి. కేటగిరీ 1లో సిబ్బంది, మైదానాలు, శిక్షణ గంటలు అన్నీ ఎక్కువ. చిన్న పిల్లలకు వారానికి 4 గంటలతో మొదలై 8 దాకా, పన్నెండు దాటాక 10 నుంచి 12 గంటల దాకా పోతుంది. వారంలో మూడు సాయంత్రాలు, వారాంతంలో ఒక మ్యాచ్. మీరు రీడింగ్ పట్టణంలో ఉండి అకాడమీ లండన్ అవతలి అంచున ఉంటే ఆ గంటలకు కారులో గడిపే గంటలు కూడా కలపండి. పిల్లాడు రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరి, పదింటికి అన్నం తిని, పొద్దున ఏడింటికి బడికి లేవాలి. క్లబ్ ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు. కేటగిరీ 1 మోజులో పడి దగ్గరున్న కేటగిరీ 2, 3 అకాడమీలను కాదనుకోవద్దని మా సలహా. పన్నెండేళ్ల లోపు పిల్లాడికి క్లబ్ పేరు కంటే నిద్ర ముఖ్యం.

ఇక మన కుటుంబాల్లో చాలామందికి తెలియని విషయం వీసా.

మీరు స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చి, పిల్లాడు డిపెండెంట్‌గా ఉంటే, వాడి అనుమతి షరతులు ఒకసారి తీసి చదవండి. ఉద్యోగం చేయవచ్చు, కానీ ‘ప్రొఫెషనల్ స్పోర్ట్స్‌పర్సన్’గా చేయకూడదు అని ఉంటుంది. మావాడికి ఇంకా జీతం లేదుగా, ఇది మాకు వర్తించదులే అనుకుంటారు. తప్పంతా అక్కడే జరుగుతుంది. హోం ఆఫీసు ఇచ్చే నిర్వచనం చాలా విశాలమైనది. జీతం తీసుకోకుండా ఆడేవాళ్లూ, ప్రొఫెషనల్ లేదా సెమీ ప్రొఫెషనల్ జట్టులో పేరు నమోదైనవాళ్లూ, అకాడమీ వయసు జట్లలో ఉన్నవాళ్లూ అందులోకి వస్తారు. అంటే పార్కు జట్టుకు ఆడటం ఒకటి, అకాడమీలో రిజిస్టర్ కావడం మరొకటి. క్లబ్ అడ్మినిస్ట్రేషన్‌లో అందరికీ ఈ తేడా తెలుసని అనుకోవద్దు. సంతకానికి ముందు వలస చట్టం చూసే సొలిసిటర్ దగ్గరికి పిల్లాడి వీసా కాగితం, క్లబ్ ఇచ్చిన ఫారం రెండూ పట్టుకెళ్లి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. స్థిర నివాస అనుమతి, అంటే ఐఎల్ఆర్, వచ్చాక ఈ షరతు ఉండదు. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న పిల్లాడికి అసలు ఈ బెడదే లేదు. వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి రెండేళ్ల కిందట పక్కింటివాళ్లకు చెప్పిన మాట మీకు పనికిరాకపోవచ్చు.

దీనికి తోడు ఫిఫా నిబంధన ఒకటుంది. 10 ఏళ్లు దాటి, బ్రిటిష్ పౌరసత్వం లేని పిల్లాణ్ని మొదటిసారి రిజిస్టర్ చేయాలంటే మైనర్ల రక్షణ నియమం కింద అనుమతి కావాలి. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో దేశం మారారని చూపడం ఒక దారి. ఆ దేశంలో కనీసం ఐదేళ్లు ఆగకుండా నివసించినట్టు చూపడం ఇంకో దారి. మీ ఉద్యోగ నియామక పత్రం, వీసాలు, ఇంటి అద్దె ఒప్పందం, బడి ఇచ్చిన ఉత్తరం, పిల్లాడి పుట్టిన సర్టిఫికెట్ ఒక ఫైల్లో సిద్ధంగా ఉంచుకోండి. మన దగ్గర పుట్టిన సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉండటం మామూలే. ఆ ఒక్క తేడాతో దరఖాస్తు వారాల తరబడి ఆగిపోతుంది, ఈలోగా ట్రయల్ గడువు కాస్తా అయిపోతుంది. ముందే సరిచేయించండి.

అకాడమీ ట్రయల్ సాధారణంగా ఆరు వారాలు. అందులో పిల్లాడు క్లబ్‌కు నచ్చితే రిజిస్ట్రేషన్ ఫారం. చిన్న వయసుల్లో అది ఏడాదికోసారి, తర్వాత రెండేళ్లకోసారి. ఈ ఫారం గురించి కాస్త వివరంగా చెప్పాలి.

రిజిస్టర్ చేసిన క్లబ్‌కు పిల్లాడి శిక్షణ మీద పరిహార హక్కు పుడుతుంది. వేరే క్లబ్ వాణ్ని తీసుకోవాలంటే, మొదటి క్లబ్ పెంచిన ఏళ్లకు లెక్కగట్టి డబ్బు కట్టాలి. 2012లో పెట్టిన లెక్క ప్రకారం ఫౌండేషన్ దశలో ఏడాదికి 3,000 పౌండ్లు. ఆ తర్వాతి దశలో కేటగిరీ 3 అకాడమీకి ఏడాదికి 12,500, కేటగిరీ 2కు 25,000, కేటగిరీ 1కు 40,000 పౌండ్లు. క్లబ్ తనంతట తాను వదిలేస్తే ఈ బరువు ఉండదు, పిల్లాడు స్వేచ్ఛగా వెళ్లవచ్చు. చిక్కంతా క్లబ్ ఉంచుకుంటానన్నప్పుడు మీరు బయటికి వచ్చేస్తే వస్తుంది. కోచ్‌తో పడలేదనో, ఇల్లు మారామనో, పిల్లాడి ముఖంలో నవ్వు పోయిందనో మీరు మానిపించవచ్చు. అయినా పరిహారం పాత క్లబ్ పేరు మీదే ఉండిపోతుంది. పద్నాలుగేళ్ల పిల్లాడి కోసం వేల పౌండ్లు ముందే కట్టడానికి చిన్న క్లబ్బులు వెనకాడతాయి. వాడు బాగా ఆడుతున్నా ఎవరూ పిలవరు, ఎందుకు పిలవడం లేదో ఎవరూ చెప్పరు. కాబట్టి రెండేళ్ల ఫారం మీద సంతకం పెట్టే ముందు అకాడమీ మేనేజర్‌ను ఒకటే అడగండి: ‘‘మేం మధ్యలో వెళ్లిపోవాల్సి వస్తే పరిహారం వదులుకుంటారా?’’ జవాబు ఈమెయిల్లో రాయించుకోండి. వెళ్లేటప్పుడు కూడా, పరిహారం కోరడం లేదని రాసిచ్చాకే ఆ గడప దాటండి. పిల్లల మీద ఇలాంటి బరువు పెట్టడం అన్యాయమని మేం గట్టిగా నమ్ముతున్నాం. నియమం మారేదాకా దాని గురించి తెలుసుకుని నడుచుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది.

ఇప్పుడు ఒంటి సంగతి. ఇంగ్లాండ్‌లో వయసు జట్లు సెప్టెంబరు 1తో మొదలవుతాయి. సెప్టెంబరులో పుట్టినవాడూ, మరుసటి ఆగస్టులో పుట్టినవాడూ ఒకే జట్టు. తొమ్మిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే ఎత్తులో కంటికి కనిపించే తేడా. అందుకే అకాడమీల్లో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా పుట్టిన పిల్లలు ఎక్కువగా కనిపిస్తారు. హ్యారీ కేన్ పుట్టింది 1993 జులై 28న. ఆర్సెనల్ అతణ్ని చిన్నప్పుడే వదిలేసింది. తర్వాత అతను ఇంగ్లాండ్ తరఫున అందరికంటే ఎక్కువ గోల్స్ చేసినవాడయ్యాడు. ఎబెరెచి ఎజె పుట్టింది 1998 జూన్ 29న. అతణ్నీ ఆర్సెనల్ పదమూడేళ్లకు వదిలేసింది. ఆ తర్వాత ఫుల్హామ్, రీడింగ్, మిల్‌వాల్ కూడా ఉంచుకోలేదు. 2016లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ తీసుకుంది. అక్కణ్నుంచి వికొంబ్‌కు లోన్ మీద, అంటే కొంతకాలం అరువుగా, వెళ్లి, 2020లో క్రిస్టల్ ప్యాలెస్ చేరి, 2025 మే 17న ఎఫ్ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ మీద ఆ ఒక్క గోల్ చేసి కప్పు తెచ్చాడు. అదే ఆగస్టులో ఆర్సెనలే అతణ్ని కొనుక్కుంది.

ఇద్దరూ ఇంగ్లాండ్ ఎండాకాలంలో, అంటే జట్టు ఏడాది చివర్లో పుట్టినవాళ్లే కావడం కాకతాళీయం కావచ్చు. కానీ ఆలస్యంగా ఎదిగే పిల్లలకు ఈ పద్ధతిలో చోటు దొరకడం కష్టమన్నది మాత్రం నిజం. కొన్నేళ్లుగా ప్రీమియర్ లీగ్ బయో-బ్యాండింగ్ అని చేస్తోంది. పిల్లాడి ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తు చూసి, పెద్దయ్యాక ఎంత పొడుగవుతాడో అంచనా వేసి, అందులో ఇప్పటికి ఎంత శాతం ఎదిగాడో లెక్కగట్టి, ఒకే స్థాయిలో ఉన్న పిల్లల్ని కలిపి ఆడిస్తారు. మీ పిల్లాడి శాతం ఎంతో, క్లబ్ వాడి ప్రగతి మీతో మాట్లాడే రివ్యూలో అడగండి. ‘‘చిన్నగా ఉన్నాడు’’ అన్న మాటకు ‘‘అంచనా ఎత్తులో ఎంత శాతం మీద ఉన్నాడు’’ అన్న ప్రశ్నే జవాబు.

ఇంట్లో మీరు చేయాల్సింది ఒకటుంది. తలుపు చట్రం మీద పెన్సిల్ గీత. చెప్పుల్లేకుండా, మడమలు గోడకు ఆనించి, తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి, నెలనెలా అదే రోజు, వీలైతే పొద్దునపూటే కొలవండి. తేదీ రాయండి. గీతల మధ్య దూరం నెలకు అర సెంటీమీటరు దాటుతోందంటే పిల్లాడు గబగబా పెరిగే కాలంలో ఉన్నాడు. మగపిల్లల్లో ఇది ఎక్కువగా 13, 14 ఏళ్ల దగ్గర వస్తుంది. ఎముక ముందు పెరుగుతుంది, కండరం వెనకబడుతుంది. మోకాలిచిప్ప కింద ఎముక ఉబ్బి నొక్కితే నొప్పెడితే ఓస్‌గుడ్-ష్లాటర్, మడమ వెనక నొప్పి అయితే సీవర్స్. రెండూ పెరుగుదల వల్ల వచ్చేవే, సరిగ్గా చూసుకుంటే తగ్గేవే. వాటిని దాచిపెట్టి ఆడితేనే నెలల తరబడి వేధిస్తాయి. నడుము కింద ఒకపక్కే నొప్పి ఉండి, వెనక్కి వంగితే ఎక్కువవుతుంటే మాత్రం ఆట వెంటనే ఆపించి స్కాన్ అడగండి. ఆ వయసులో వెన్నుపూసలో సన్నటి పగులు రావడం ఉంది. ఎదిగే రోజుల్లో పిల్లాడి ఆట కొంత తడబడుతుంది. నిన్నటిదాకా కాలికి అతుక్కున్న బంతి ఇవాళ మూరెడు దూరం పోతుంది. కాళ్ల పొడవు మారింది, అంతే. ఆ నెలల్లో కారులో ఇంటికి వస్తూ తిట్టకండి.

వంటింటి సంగతి కూడా ఇక్కడే. అన్నం, ఇడ్లీ, పప్పు, పెరుగు తినే పిల్లాడు ఆటలో ఎవరికీ తీసిపోడు. మ్యాచ్‌కు మూడు గంటల ముందు ఇడ్లీ కంటే మంచిది మాకు తట్టడం లేదు. నూనె, వేపుడు ఆ పూటకు వద్దు. చామనఛాయ ఒంటికి ఇంగ్లాండ్ ఎండ చాలదు కాబట్టి విటమిన్ డి రోజుకు 10 మైక్రోగ్రాములు ఏడాది పొడుగునా తీసుకునే విషయం చూడమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ చెబుతోంది. ఇంతకంటే జాగ్రత్త పడాల్సింది ఇండియా నుంచి వచ్చే మందుల సంచి దగ్గర. నాయనమ్మ ప్రేమగా తెచ్చే దగ్గు సిరప్‌ల్లో కొన్నింట్లో టెర్బ్యుటలిన్ ఉంటుంది. డోపింగ్ నియమాల ప్రకారం మ్యాచ్ రోజే కాదు, ఎప్పుడూ అది నిషేధమే. సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. లేహ్యాలు, చూర్ణాల్లో ఏముందో సీసా మీద పూర్తిగా రాసి ఉండకపోవచ్చు. పరీక్షలో దొరికితే ‘‘తెలియక తాగాడు’’ అన్నది తప్పు లేదని తేల్చే జవాబు కాదు. ఒంట్లో దొరికినదానికి ఆటగాడిదే బాధ్యత అన్నది నియమం. మందు అవసరమైతే క్లబ్ డాక్టరుకు చూపించే ఇవ్వండి.

పదహారేళ్లకు స్కాలర్‌షిప్ కాగితం వస్తుంది, లేదా రాదు. సరిగ్గా జీసీఎస్ఈ, అంటే మన పదో తరగతి లాంటి పరీక్షలు, రాసే ఏడాదే ఆ నిర్ణయం జరుగుతుంది. వచ్చినవాడికి రెండేళ్లు క్లబ్‌లో శిక్షణ, దాంతోపాటు చదువు. చదువంటే చాలామందికి స్పోర్ట్స్ అప్రెంటిస్‌షిప్, లెవెల్ 3 బీటెక్ (BTEC) అనే వృత్తి కోర్సు, మన ఇంజినీరింగ్ బీటెక్ కాదు. పిల్లాడికి లెక్కలు, సైన్సు బాగా వస్తుంటే మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్స్ చదవనిస్తారా, వారంలో ఏ రోజులు కాలేజీకి వదులుతారు అని సంతకానికి ముందే అడగండి. కొన్ని క్లబ్బులు ఒప్పుకుంటాయి. అడగనివాడికి మాత్రం అందరికీ ఇచ్చేదే ఇస్తారు. పద్దెనిమిదేళ్లకు వదిలేస్తే యూనివర్సిటీ తలుపు తెరిచి ఉందా లేదా అన్నది ఈ ఒక్క జవాబు మీద ఆధారపడుతుంది. చదువు విషయంలో మన ఇళ్లలో రెండు అతి ధోరణులు కనిపిస్తాయి. కొందరు ఆట మొదలవగానే పుస్తకం మూసేస్తారు, కొందరు జీసీఎస్ఈ రాగానే ఆట మాన్పిస్తారు. రెండూ అక్కర్లేదు.

17 ఏళ్లు నిండాక మొదటి ప్రొఫెషనల్ ఒప్పందం చేసుకోవచ్చు. 18 లోపు సంతకం పెట్టిన ఒప్పందం మూడేళ్లకు మించకూడదు. ఒప్పందాల గడువు జూన్ 30తో ముగుస్తుంది. జీతం అంకె కంటే ముందు చూడాల్సిన మాట ‘ఆప్షన్’. ‘రెండేళ్లు, ఇంకో ఏడాది ఆప్షన్’ అంటే సాధారణంగా ఆ మూడో ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది క్లబ్ ఇష్టం, పిల్లాడిది కాదు. ఆ మూడో ఏడాది జీతం పెరుగుతుందా, పాతదేనా? గాయపడి ఆడకపోయినా జీతం పూర్తిగా వస్తుందా, ఎన్ని నెలలు? మొదటి జట్టుకు ఇన్ని మ్యాచ్‌లు ఆడితే జీతం పెరగాలన్న షరతు ఉందా, సబ్‌స్టిట్యూట్‌గా దిగితే ఆ లెక్కలోకి వస్తుందా? ఈ ప్రశ్నలన్నింటికీ కాగితంలో జవాబు ఉండాలి.

వారానికి 1,000 పౌండ్లు అంటే వినడానికి గొప్పగా ఉంటుంది. లెక్క వేద్దాం. ఏడాదికి 52,000. అందులో 12,570కి పన్ను లేదు. తర్వాతి 37,700 మీద 20 శాతం, 7,540. మిగిలిన 1,730 మీద 40 శాతం, 692. నేషనల్ ఇన్సూరెన్స్ దాదాపు 3,050. చేతికి వచ్చేది 40,700 పౌండ్ల చిల్లర, నెలకు 3,390 దగ్గర. ఏజెంటు రుసుము క్లబ్ కడుతుందంటారు కానీ, ఆటగాడి వంతు క్లబ్ కట్టినా అది ఆటగాడికి లాభంగా లెక్కగట్టి దానిమీద పన్ను వేస్తారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఈ జీతం చూసి కారు లీజుకు తీసుకుంటాడు. లీజు మూడేళ్లు, ఒప్పందంలో మిగిలింది పద్నాలుగు నెలలు. ఈ పొరపాటు ఎంతమంది చేస్తారో చెప్పనలవి కాదు.

ఏజెంటుకు ఫిఫా లైసెన్సు ఉండాలి. 2023 నుంచి దానికి పరీక్ష కూడా ఉంది. మైనర్ల తరఫున పనిచేయాలంటే అదనపు అర్హత కావాలి, తల్లిదండ్రుల సంతకం కావాలి. ఆటగాడితో ఒప్పందం రెండేళ్లకు మించకూడదు. పేరు పట్టుకుని అధికారిక జాబితాలో వెతకండి. బూట్లు కొనిపెట్టి, భోజనానికి తీసుకెళ్లి, ‘‘సంతకం తర్వాత చూద్దాం అంకుల్’’ అనేవాడి పేరు ఆ జాబితాలో లేకపోతే ఆ బూట్లు తిరిగిచ్చేయండి. ఆటగాళ్ల సంఘం పీఎఫ్ఏ సభ్యులకు ఒప్పందం చదివి సలహా ఇస్తుంది. ముందు అక్కడ అడగండి. ఆ సంఘమే ఆసియా మూలాలున్న ఆటగాళ్ల కోసం ఏఐఎంఎస్ అనే మెంటారింగ్ పథకం నడుపుతోంది. ఇప్పటికే ఈ దారిలో నడిచినవాళ్లు కొత్తవాళ్లతో, వాళ్ల ఇంట్లోవాళ్లతో మాట్లాడతారు.

ఒప్పందం వచ్చాక అసలు పరీక్ష లోన్. అండర్-21 మ్యాచ్‌లో ఓడితే ఎవరి ఉద్యోగమూ పోదు. నాలుగో అంచె అయిన లీగ్ టూలో ఓడితే మేనేజర్ ఉద్యోగం పోతుంది. లోన్ మీద వచ్చిన 19 ఏళ్ల డిఫెండర్ ఒక బ్యాక్‌పాస్ తప్పు చేస్తే, మరుసటి శనివారం 33 ఏళ్ల పాత కాపు ఆడతాడు. ఆ కుర్రాడు జనవరి దాకా బెంచీ మీదే. వెనక్కి పిలిపించుకోవడానికి ట్రాన్స్‌ఫర్ విండో, అంటే ఆటగాళ్ల బదిలీలకు అనుమతి ఉండే కాలం, తెరవాలి. ఒక సీజన్లో అధికారిక మ్యాచ్‌లు రెండు క్లబ్బులకే ఆడవచ్చు కాబట్టి, ఆగస్టులో సొంత క్లబ్‌కు ఒక కప్పు మ్యాచ్ ఆడి, తర్వాత ఒక చోట లోన్‌కు వెళ్లినవాడికి జనవరిలో మూడో క్లబ్ దారి మూసుకుపోతుంది. ఈఎఫ్ఎల్ జట్టు ఒక మ్యాచ్‌కు ఐదుగురు లోన్ ఆటగాళ్లనే జాబితాలో పెట్టగలదు. అక్కడ ఆరుగురు ఉంటే మీవాడు ఆరోవాడా? ఆ స్థానంలో ఇప్పుడు ఎవరు ఆడుతున్నారు, వాళ్లు ముగ్గురు డిఫెండర్లతో ఆడతారా నలుగురితోనా, ఆడించకపోతే లోన్ రుసుము పెరిగే షరతు ఉందా, ఎక్కడ ఉంటాడు, వంట ఎవరు చేస్తారు? ఇవన్నీ వెళ్లేముందు అడగాల్సినవి. హ్యారీ కేన్ లేటన్ ఓరియంట్, మిల్‌వాల్, నార్విచ్, లీస్టర్ నాలుగు చోట్లకూ తిరిగాడు. ఓలీ వాట్కిన్స్‌ను ఎక్సెటర్ సిటీ 2014లో ఆరో అంచెలో ఉన్న వెస్టన్-సూపర్-మేర్‌కు పంపింది. పదేళ్లకు అతనే యూరో 2024 సెమీఫైనల్లో ఆఖరి నిమిషంలో నెదర్లాండ్స్ మీద గోల్ చేసి ఇంగ్లాండ్‌ను ఫైనల్‌కు చేర్చాడు.

ఇంకో చేదు నిజం. అకాడమీలో పెరిగిన ఆటగాణ్ని అమ్మితే వచ్చే డబ్బంతా క్లబ్ ఖాతాలో దాదాపు పూర్తి లాభంగా పడుతుంది. కొనుక్కున్న ఆటగాడి ఖరీదును ఒప్పందం ఏళ్ల మీద పరిచి రాసుకోవాలి కాబట్టి అతణ్ని అమ్మినప్పుడు అంత లాభం కనిపించదు. అందుకే ఖాతాలు బిగుసుకున్నప్పుడు సొంత పిల్లల్నే ముందు అమ్ముతారు. 2024లో కానర్ గాలఘర్ చెల్సీ వదిలి అట్లెటికో మాడ్రిడ్‌కు వెళ్లినప్పుడు ఈ లెక్క మీద పెద్ద చర్చే జరిగింది. క్లబ్ మీద ప్రేమ పెంచుకోండి, దాన్ని ఒప్పందంలో షరతుగా లెక్కించకండి.

మునుపు ఇంగ్లాండ్ కుర్రాళ్లకు ఒక తలుపు ఉండేది. జేడన్ సాంచో 2017లో, జూడ్ బెల్లింగ్‌హామ్ 2020లో, ఇద్దరూ 17 ఏళ్ల వయసులోనే జర్మనీలోని డార్ట్‌మండ్‌కు వెళ్లి మొదటి జట్టులో ఆడారు. బ్రెగ్జిట్ తర్వాత 18 నిండకుండా అలా వెళ్లడం కుదరదు. కాబట్టి 16, 17 ఏళ్ల పిల్లాడికి యూరప్ ట్రయల్ అని ఎవరైనా ఆశ పెడితే, ఏ నియమం కింద రిజిస్టర్ చేస్తారో అడగండి.

పందేల విషయం చాలా ఇళ్లలో తేలిగ్గా తీసుకుంటారు. 2014 ఆగస్టు నుంచి ప్రొఫెషనల్ ఆటలో ఉన్నవాళ్లెవరూ ప్రపంచంలో ఎక్కడి ఫుట్‌బాల్ మీదా పందెం కాయకూడదు. ఐవన్ టోనీకి 2023లో 8 నెలల నిషేధం పడింది. కీరన్ ట్రిప్పియర్‌కు 2020 చివర్లో 10 వారాలు ఆట ఆపేశారు, తన బదిలీ కబురు తెలిసినవాళ్లకు చేరడం, వాళ్లు దానిమీద పందేలు కాయడం వల్ల. ఇప్పుడు మన కుటుంబ వాట్సాప్ గ్రూపు తీసి చూడండి. ‘‘ఈ శనివారం మావాడు మొదటి జట్టులో దిగుతున్నాడు’’, ‘‘వాళ్ల గోల్‌కీపర్‌కు మోకాలి దెబ్బట, ఆడట్లేదు’’ అని వదిన పెట్టిన మెసేజ్ బాబాయి కొడుకు చూస్తాడు, వాడి రూమ్మేటుకు చెబుతాడు. జట్టు జాబితా అధికారికంగా బయటికి వచ్చేదాకా ఇంట్లో విన్నది ఇంట్లోనే ఉండాలి. ఈ ఒక్క కట్టుబాటు మొదటి రోజే పెట్టుకోండి.

ఇండియా జట్టు గురించి చాలామంది అడుగుతారు. ఓసీఐ కార్డుతో భారత్‌కు ఆడటం కుదరదు, భారత పాస్‌పోర్టు ఉండాలి. లివర్‌పూల్ అకాడమీలో పెరిగి స్కాట్లాండ్‌లో ఆడిన యాన్ ధాండా భారత్‌కు ఆడాలని ఉందని బహిరంగంగానే చెప్పాడు. ఈ నియమమే అడ్డుపడింది. లీస్టర్ అకాడమీలో పెరిగిన హమ్జా చౌధురి 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. ఎదురుగా ఉన్నది భారత జట్టే. ఇంగ్లాండ్ ప్రొఫెషనల్ ఆటలో దక్షిణాసియా మూలాలున్నవాళ్లు ఇప్పటికీ వందకు ఒకరు కూడా లేరు. టోటెన్‌హామ్‌కు డిలన్ మార్కండే, మాంచెస్టర్ యునైటెడ్‌కు జిదాన్ ఇక్బాల్ 2021లో మొదటి మ్యాచ్ ఆడినప్పుడు అది వార్త అయ్యింది. ఇద్దరూ తర్వాత వేరే క్లబ్బుల్లోనే ఎదిగారు.

సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఉగాదికి, దసరాకు హాలు తీసుకుని వేడుక చేస్తున్నారు. ఏడాదిలో ఒక్క ఆదివారం అదే హాల్లో ఒక వలస సొలిసిటర్‌ను, ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్ఏ అర్హత ఇచ్చిన ఒక కోచ్‌ను, జీతం లెక్కలు తెలిసిన అకౌంటెంట్‌ను కూర్చోబెట్టండి. మన పిల్లలు చదివే బళ్ల దగ్గర ఏ పార్కు జట్లున్నాయో, వాటి కోచ్‌లకు ఎఫ్ఏ అర్హత, డీబీఎస్ అనే నేరచరిత్ర తనిఖీ ఉన్నాయో లేవో ఒక జాబితా చేసి ఉంచండి. కోచ్ కావాలనుకునే నాన్నలకు, అమ్మలకు మొదటి కోర్సు ఫీజు సంఘం భరిస్తే ఇంకా మంచిది.

ఇక ఎవరూ మాట్లాడని రోజు గురించి. అకాడమీల్లో చేరినవాళ్లలో ఎక్కువమందికి ఆ రోజు వస్తుంది. ఒక గది, ఇద్దరు ముగ్గురు పెద్దలు, ఐదు నిమిషాలు. ‘‘నిన్ను ఉంచుకోవడం లేదు’’ అంటారు. ఇంటికి వచ్చి పిల్లాడు గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. 2020లో ఒక పెద్ద అకాడమీ నుంచి బయటికి వచ్చిన 18 ఏళ్ల కుర్రాడు ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత ఈ విషయం మీద దేశమంతా మాట్లాడింది. క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్, తాను వదిలేసిన 18 ఏళ్లు దాటిన ఆటగాళ్లకు మూడేళ్ల తోడ్పాటు పెట్టింది. మీ క్లబ్ ఏం ఇస్తుందో, ఎన్నాళ్లు ఇస్తుందో, ఎవరికి ఫోన్ చేయాలో స్కాలర్‌షిప్ రోజే అడిగి రాసుకోండి. బంధువుల ఫోన్లు ఆ వారం మీరే ఎత్తండి. వాడి చేత జవాబు చెప్పించకండి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, మాట తగ్గడం రెండు వారాలు దాటితే జీపీ, అంటే మీ కుటుంబ డాక్టరు, దగ్గరికి తీసుకెళ్లండి. పీఎఫ్ఏ సభ్యుడైతే ఆ సంఘానికి ఫోన్ చేస్తే మాట్లాడేవాళ్లున్నారు.

ఆ తర్వాత పనులున్నాయి. వదిలేసినట్టు, పరిహారం కోరడం లేదన్నట్టు ఉత్తరం తీసుకోండి. మ్యాచ్ వీడియోలు, జీపీఎస్ పరుగు లెక్కలు, రివ్యూ కాగితాల కాపీలు అడగండి. కొత్త క్లబ్ మొదట అడిగేవి అవే. ఐదు నిమిషాలకు మించకుండా ఒక వీడియో చేయండి. అందులో గోల్స్ మాత్రమే కాదు, బంతి పోగొట్టుకున్నాక వెనక్కి పరుగెత్తిన ముక్కలు కూడా పెట్టండి. ఈఎఫ్ఎల్ స్కాలర్లకు లీగ్ ఫుట్‌బాల్ ఎడ్యుకేషన్ సంస్థ ట్రయల్ మ్యాచ్‌లు పెడుతుంది, వాటికి పేరు ఇవ్వండి. పై నాలుగు లీగుల్లో 92 క్లబ్బులున్నాయి. వాటి కింద నేషనల్ లీగ్, దాని కింద ఇంకా అంచెలున్నాయి. జేమీ వార్డీని షెఫీల్డ్ వెన్స్‌డే 16 ఏళ్లకు వదిలేసింది. పగలు వైద్య పరికరాల ఫ్యాక్టరీలో పని, శనివారాలు స్టాక్స్‌బ్రిడ్జ్‌కు ఆట. 2012లో లీస్టర్ తీసుకునేనాటికి అతనికి 25 ఏళ్లు. నాలుగేళ్లకు లీగ్ గెలిచాడు. అందరూ వార్డీలు కాలేరు. కానీ ఎనిమిదో అంచెలో ఆడుతూ యూనివర్సిటీ డిగ్రీ చదివే కుర్రాడు ఆటలో ఓడినవాడేం కాదు.

జూన్ 30 తర్వాత క్లబ్ ఫిజియో గది తలుపు తెరుచుకోదు. పాత గాయాల స్కాన్లు, రక్త పరీక్షలు, ఫిజియో రాసిన నోట్సు, అన్నింటి కాపీలూ ఆ తేదీలోపే అడిగి తీసుకుని జీపీ దగ్గర ఉన్న రికార్డులో పెట్టించండి.

ఇట్లు,
మీ పిల్లల ఆట చూస్తూ గీత అవతల నిలబడే తోటి తెలుగువాళ్లం